పన్నెండేళ్ల వాళ్ల నవల.. ఇరవై రెండేళ్ల మీకెందుకు?

బీటెక్ అయిపోయి, ప్లేస్‌మెంట్ రాక ఖాళీగా ఉన్న రోజుల్లో అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద ఓ పాత నవల కొన్నా. పేరు ‘ది అవుట్‌సైడర్స్’. గూగుల్ చేస్తే ‘12 ఏళ్లు దాటినవారికి’ అని కనిపించింది. ‘ఇంటర్వ్యూలకు ప్రిపేర్ కావాల్సిన టైమ్‌లో పిల్లల పుస్తకమేంట్రా?’ అన్నాడు రూమ్మేట్. కాస్త సిగ్గేసినా, రెండు రాత్రుల్లో పూర్తిచేశా.

రాసిందీ టీనేజరే!

అమెరికాలోని టల్సా నగరానికి చెందిన ఎస్.ఇ. హింటన్ హైస్కూల్లో ఉండగానే ఈ నవల రాశారు. 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు 18 ఏళ్లే. పేదింటి ‘గ్రీజర్స్’కీ, డబ్బున్న ‘సోషెస్’కీ మధ్య గొడవలను 14 ఏళ్ల పోనీబాయ్ మనకు చెబుతాడు. అమ్మానాన్నలు ప్రమాదంలో పోయారు. ఇంట్లో మిగిలింది ముగ్గురు అన్నదమ్ములే.

12 అంటే ఏంటి?

పుస్తకానికి వయసు చెప్పేటప్పుడు రెండు చూడాలి.. భాష, విషయం. ఇందులో భాష తేలిక. పిల్లలు మాట్లాడుకునే ఇంగ్లిషే. విషయం మాత్రం బరువైంది. కత్తిపోట్లు, చావులు, సిగరెట్లు, మందు ఉన్నాయి. అందుకే అమెరికాలో కొన్ని స్కూళ్లు దీన్ని వద్దన్నాయి, ఎన్నో స్కూళ్లు పాఠంగా చెబుతున్నాయి. మీ తమ్ముడు ఎనిమిదో తరగతా? ఇచ్చేయండి, చదివాక ఓసారి కూర్చుని మాట్లాడండి. ఐదో తరగతైతే కొన్నాళ్లు ఆగండి. ‘12’ అనేది ఎప్పుడు మొదలుపెట్టొచ్చో చెబుతుందంతే. ఎప్పుడు మానేయాలో చెప్పదు.

మీ ఈడువాడు డ్యారీ

పెద్దన్న డ్యారీకి 20 ఏళ్లు. డబ్బుల్లేక కాలేజీ వదులుకుని, ఇళ్లకు పైకప్పులు వేసే పనికి వెళ్తాడు. ఏమాత్రం తేడా వచ్చినా తమ్ముళ్లను హోమ్‌కు పంపేస్తారని భయం. మార్కుల గురించి సతాయించే అన్నంటే పోనీబాయ్‌కి కోపం. పద్నాలుగేళ్లప్పుడు చదివుంటే నేనూ తమ్ముడి పక్షమే.

మా అన్న ఇంటర్‌తో ఆపేసి మెకానిక్ షెడ్‌లో చేరాడు. నా ఫీజుల్లో సగం ఆయన కట్టినవే. రోజూ ఫోన్ చేసి ‘ఉద్యోగం ఏమైందిరా?’ అంటే విసుక్కునేవాణ్ణి. పుస్తకం అయిపోయిన రాత్రి నేనే ఫోన్ చేశా.

రెజ్యూమెలో ‘రీడింగ్’ ఉందా?

హాబీ అని రాసేస్తాం. ‘ఈమధ్య ఏం చదివారు?’ అనగానే తెల్లమొహం వేస్తాం. ఇంతవరకూ ఒక్క ఇంగ్లిష్ నవలా పూర్తిచేయకపోతే దీంతోనే మొదలుపెట్టండి. మొత్తం 12 చాప్టర్లు, రోజుకొకటి చాలు. చదివింది రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో పైకి చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పన్నెండో రోజు రికార్డింగును మొదటి రోజు దాంతో పోల్చి వినండి. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే, డ్యారీ గురించి చెప్పండి.