మీ జేజి వాళ్లమ్మ పేరేంటి?

మీ తాత పేరు? టక్కున చెప్పేస్తారు. ముత్తాత పేరు? కాస్త ఆలోచించి చెప్తారు. మరి మీ జేజి పుట్టింటి ఇంటిపేరు? వాళ్లమ్మ పేరు? మనది గోస్పాడు అయినా, ఆళ్లగడ్డ అయినా చాలామందిమి ఇక్కడే ఆగిపోతాం.

ఎవరు రాశారు? ఎవరిని రాశారు?

ఒకప్పుడు ఊరి కథ కరణం దగ్గర ఉండేది. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ అనే తెల్లదొర దగ్గర పనిచేసిన మనవాళ్లు ఆ కథల్ని సేకరించారు. అవే కైఫియత్తులు. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు... అన్నీ వాటిలో కనిపిస్తాయి. ఇక రెడ్ల, కాపుల గోత్రాలు, వంశాల సంగతి వంశరాజులు చూసుకునేవారు. ఇంటింటికీ వచ్చి పాడి చెప్పేవారు.

1984లో కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి. వంశరాజుల రాకా తగ్గిపోయింది.

అయినా ఆ రికార్డుల్లో ఎక్కువగా ఉన్నది భూమి, మగవాళ్ల పేర్లే. కరువులో జేజి ఏం వండి పిల్లల్ని బతికించింది? ఎంతమంది బిడ్డల్ని పోగొట్టుకుంది? ఇవి ఏ అడంగల్‌లోనూ దొరకవు. ఆమె నోట్లోనే ఉన్నాయి. ఆమె పోతే అవీ పోతాయి.

సంవత్సరం అడగొద్దు

'నీ పెళ్లి ఎప్పుడైంది?' అంటే చాలామంది పెద్దవాళ్లు చెప్పలేరు. గుర్తు పట్టుకుని అడగండి. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు (1953-56) నువ్వు ఎంత ఉంటావు? పీవీ నంద్యాలలో పోటీ చేసినప్పుడు (1991) నాన్న ఏం చేసేవాడు? కర్నూలు మునిగిన వరదలప్పుడు (2009) మనం ఎక్కడున్నాం? కాలం దానంతటదే తేలుతుంది.

ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఆ విషయం ఆమెకు చెప్పండి. ఒక్కసారికి ఒక్క విషయం, ఇరవై నిమిషాలు చాలు. రాసేటప్పుడు ఆమె 'యాడికి' అంటే 'యాడికి' అనే రాయండి. పుస్తకాల భాషలోకి మారిస్తే అది జేజి మాట కాదు.

అటక మీద కూడా వెతకండి. పాత శుభలేఖలు, టీసీలు, పాస్‌పుస్తకాలు. ముఖ్యంగా పెళ్లిలో చదివించిన బిందెలు, చెంబులు. వాటి మీద చెక్కిన పేరూ తేదీ మీకు ఇంకెక్కడా దొరక్కపోవచ్చు.

గ్రూపులో పెట్టే ముందు...

పెద్దమ్మ ఒకలా, చిన్నాయన ఇంకోలా చెప్తే రెండూ రాయండి, ఎవరు చెప్పారో పేరుతో సహా. మన సీమలో ఆస్తి తగాదాలు, ఫ్యాక్షన్ గొడవలు లేని కథలు తక్కువ. వాటినీ రాసి దాచుకోండి. కానీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే ముందు ఆ కథలో ఉన్నవాళ్లను అడగండి. పాత పగ మళ్లీ రాజుకోవడానికి ఒక్క మెసేజ్ చాలు.

ఈ ఆదివారం జేజికి ఫోన్ చేయండి. 'తిన్నావా?' అన్నాక ఇంకొక్క మాట అడగండి: 'జేజీ, మీ అమ్మ పేరేంది?'