కావ్యపరిపూర్ణత - కన్యాశుల్కము రెండు కూర్పులు

పరిపూర్ణతను వ్యక్తిరుచితో నిమిత్తము లేకుండ నిర్వచింప వీలగునా యను ప్రశ్న మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. మమ్మటుడు కావ్యలక్షణమున దోషరాహిత్యమును చేర్చెను. అట్లైనచో కావ్యమే దుర్లభమగునని ఉత్కళదేశీయుడగు విశ్వనాథుడు దానిని ఖండించెను.

ఈ వివాదమునకు విజయనగరమున చక్కని నిదర్శనము కలదు. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చైన 'కన్యాశుల్కము'ను గురజాడ అప్పారావు కేవలము దోషములు దిద్ది విడువలేదు. 1909 నాటి ద్వితీయ ముద్రణమునకై దానిని సమూలముగ తిరిగి రచించెను. తొలికూర్పున కన్యావిక్రయ దురాచార ఖండనము ప్రధానము. మలికూర్పున మధురవాణి పాత్ర మిక్కిలి విస్తరించి, మానవస్వభావ చిత్రణము ప్రాధాన్యము వహించినది.

కావున ప్రయోజనము నిర్ణీతమైనచో పరిపూర్ణతను పరీక్షింపవచ్చును. ఏ ప్రయోజనము గ్రాహ్యమో తేల్చు కొలబద్ద మాత్రము వేరొకటి లేదు. తొలికూర్పును అపరిపక్వమని త్రోసివేయుటకు ముందు, అది దేనికై రచితమైనదో పరిశోధకులు విచారింపవలెనని మా యభిప్రాయము.