తల్లిలేని పిల్లికూన: ముందు పాలా, వెచ్చదనమా?

ఏ మెట్ల కిందో కళ్లు తెరవని పిల్లికూన కనబడితే గిన్నెలో ఆవుపాలు పోసి పెడతాం. మనసు మంచిదే, పనే తప్పు!

ముందు కాసేపు దూరంగా నిలబడి చూడాలి. తల్లి తిండి కోసం వెళ్లి ఉండొచ్చు.

ఎంతకీ రాకపోతే మొదట కావలసింది వెచ్చదనం. తొలి వారాల్లో కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడితే తాగిన పాలు అరగవు. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి, అట్టపెట్టెలో ఓ మూల పెట్టాలి. వేడెక్కువైతే కూన పక్కకు జరగడానికి చోటుండాలి.

మరి ఆవుపాలు ఎందుకు వద్దు? పిల్లిపాలతో పోలిస్తే వాటిలో మాంసకృత్తులు తక్కువ. లాక్టోజ్ సరిగా అరగక విరేచనాలు పట్టుకుంటాయి. అరచేతిలో ఇమిడే ప్రాణికి అది పెద్ద గండమే. కూనల కోసమే తయారయ్యే పాలపొడిని కలిపి, రెండు మూడు గంటలకోసారి బోర్లా ఉంచి పట్టాలి. వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఇంకో వింత. ఈ వయసులో కూన తనంతట తాను మూత్రం పోయలేదు! తల్లయితే నాకుతుంది. మనం పాలు పట్టాక తడి దూదితో మూత్రం వచ్చే చోట మెల్లగా రుద్దాలి.

కూన నీరసిస్తే పశువైద్యులకు చూపించాలి. కూన గీరినా, కరిచినా గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే పెద్దలకు చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి.