వేలిముద్ర పక్కన పెట్టిన నెల

2020 ఏప్రిల్ 1. లాక్‌డౌన్ మొదలై వారం. పొద్దు పొడవకముందే పింఛను డబ్బుతో వాలంటీర్లు వీధుల్లోకి వచ్చారు. ఇంటి గడప దగ్గరే పింఛను ఇవ్వడం రెండు నెలల ముందే, ఫిబ్రవరి 1న మొదలైంది. అవ్వ వేలు ఆనించిన యంత్రం మీదే పక్కింటి తాత కూడా వేలు పెట్టాలి. కరోనా రోజుల్లో అది ప్రమాదం. అందుకే వేలిముద్ర ఆపి, ఫోనులో ఫొటో తీసి, ఆ చోటును నమోదు చేసి 2,250 రూపాయలు చేతికిచ్చారు. మట్టిపనికి గీతలరిగిపోయి ప్రతినెలా యంత్రంతో అవస్థ పడే ముసలివాళ్లకు ఆ మార్పు ఎంత ఊరటో వేరే చెప్పాలా?

ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాలంటీర్ల వ్యవస్థ పుట్టింది 2019 ఆగస్టు 15న. ఊళ్లో 50 ఇళ్లకు ఒకరు, వయసు 18 నుంచి 35, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. ప్రభుత్వ పథకాలను ఇంటికి చేర్చడం వాళ్ల పని. ఏడు నెలలు తిరిగేసరికి ఆ యువతీయువకులే జ్వరాల లెక్క రాసుకోవాల్సి వచ్చింది.

కడప జిల్లాలో మొదటి పని విదేశాల నుంచి వచ్చినవాళ్ల జాబితా. అప్పటికి ఆ జిల్లాలోనే ఉన్న రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ పోయినవాళ్లు ఎందరో. ఏ ఇంట్లో ఎవరు దిగారో ఆ వీధి వాలంటీర్లకు తెలిసినట్టు పై అధికారులకు తెలియదు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో కలిసి వాళ్లు తలుపులు తట్టారు.

కర్నూలు జిల్లాలో తొలి కేసు మార్చి 28న బయటపడింది. ఏప్రిల్ ముగిసేసరికి రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లా అదే. పేదల వైద్యుడిగా పేరున్న డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ ఏప్రిల్ 14న కన్నుమూశారు. ఆయనకు కరోనా సోకినట్టు ఆ తర్వాత తేలింది. ఊరంతా తలుపులు బిగించుకున్న ఆ రోజుల్లోనూ వాలంటీర్లు ఇల్లిల్లూ తిరగాల్సిందే.

అసలు కష్టం పడమటి మండలాలది. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు వానలు మొహం చాటేస్తే జనం గుంటూరు మిరపకోతలకు వలస పోతారు; దాన్నే సుగ్గి అంటారు. ఆ ఏడు పోయినవాళ్లు అక్కడే చిక్కుకున్నారు. ఇళ్లలో మిగిలింది ముసలివాళ్లూ చిన్నపిల్లలూ. పింఛను, ఏప్రిల్ 4న రేషన్ కార్డుకు ఇచ్చిన 1,000 రూపాయలు, ఆ తర్వాత పొదుపు సంఘాల మహిళలు కుట్టిన మాస్కులు... వీటిని చేరవేసే పనితో ఆ గడపలు తొక్కింది వాలంటీర్లే. నా దృష్టిలో ఈ వ్యవస్థకున్న అసలు బలం యాప్ కాదు, 50 ఇళ్ల హద్దు. అంత చిన్న లెక్క కాబట్టే ఎవరింట్లో పొయ్యి వెలగలేదో తెలుసుకునే వీలుండేది.

2021 ఫిబ్రవరిలో జీతం పెంచమని వాలంటీర్లు రోడ్డెక్కితే, ఇది ఉద్యోగం కాదు, సేవ అని ప్రభుత్వం చెప్పింది. ఆ ఉగాదికి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర పురస్కారాలు ప్రకటించింది. సన్మానం మంచిదే. కానీ జ్వరమున్న ఇంటి ముందు నిలబడ్డ ఆ యువతీయువకులకు 5,000 రూపాయలు చాలేవి కావు. వాళ్లు అడిగింది న్యాయం.

2024 జులై 1 నుంచి పింఛన్లు వాలంటీర్ల బదులు గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది చేతుల మీదుగా అందుతున్నాయి. ఎవరు ఇచ్చినా సరే, సుగ్గి కాలంలో ఒంటరిగా మిగిలే అవ్వాతాతల జాబితా ప్రతి సచివాలయంలో ఉండాలి, ఏటా దాన్ని సరిచూడాలి.