చిన్న చక్రాలకు చోటు

మానవుని నిత్యజీవితంలో ప్రయాణం విడదీయరాని భాగం. అయితే పట్టణవాసి చేసే ప్రయాణాలలో పెక్కు సుదూరమైనవి కావు. కళాశాల, అంగడి, ఆసుపత్రి, బస్టాండు సాధారణంగా కొద్ది కిలోమీటర్ల లోపలే ఉంటాయి. ఇట్టి స్వల్పదూరాలకు ఉపకరించే తేలికైన వాహనాల రాకపోకలను లఘురవాణా అనవచ్చు. ఆంగ్లంలో దీనిని మైక్రోమొబిలిటీ అంటారు. సైకిలు, విద్యుత్ సైకిలు, నిలబడి నడిపే చిన్న విద్యుత్ స్కూటరు ఈ కోవకు చెందినవి. మనదేశంలో 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం గల విద్యుత్ ద్విచక్ర వాహనాలకు రిజిస్ట్రేషను గాని, డ్రైవింగు లైసెన్సు గాని అవసరం లేదు.

వాహనం ఉన్నంత మాత్రాన ప్రయాణం సురక్షితం కాదు. దానికి తగిన బాట కావాలి. ఆ బాటను ఎక్కడ, ఎవరి కొరకు, ఏ విధంగా నిర్మించాలి అన్న ప్రశ్నలు నేడు సివిల్ ఇంజనీరింగులోను, నగర ప్రణాళికా శాస్త్రంలోను డాక్టరేట్ పరిశోధనకు విషయాలయ్యాయి. పరిశోధక విద్యార్థి కొన్ని సంవత్సరాలపాటు సమాచారం సేకరించి, విశ్లేషించి, తన నిర్ణయాలను సిద్ధాంత గ్రంథంగా సమర్పిస్తాడు.

ఈ పరిశోధన సాగే తీరును గ్రహించడానికి మహబూబ్‌నగర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. పాలమూరుగా ప్రసిద్ధి చెందిన ఈ పట్టణం జడ్చర్ల, రాయచూరులను కలిపే 167వ జాతీయ రహదారిపై ఉన్నది. 2025లో ఇది నగరపాలక సంస్థగా రూపొందింది. పట్టణానికి సమీపంలోని సుప్రసిద్ధమైన పిల్లలమర్రి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో సైకిలు తొక్కేవారికి ఈ దూరం 16 నిమిషాల ప్రయాణం మాత్రమే. లారీలు, బస్సులు వేగంగా సాగే రోడ్డు మీద ఆ కొద్దిపాటి ప్రయాణమే సాహసకార్యం అవుతుంది.

ఇట్టి పట్టణంలో పరిశోధకుడు ముందుగా కూడళ్లలో వాహనాలను లెక్కిస్తాడు. ఈ లెక్క అవసరమే కాని అసంపూర్ణమైనది. ఒక కూడలిలో సైకిలు తొక్కే విద్యార్థినులు ముగ్గురే కనిపించారనుకుంటే, అక్కడ సైకిలు బాట అనవసరమని తీర్మానించడం పొరపాటు. ధైర్యం చేసి వచ్చినవారే ఆ లెక్కలోకి వస్తారు. భయంతో మానుకున్నవారు అందులోకి రారు. అందుచేత పరిశోధకుడు ఇంటింటికి వెళ్లి, ఎవరు ఎక్కడికి పోతున్నారో, సైకిలును ఎందుకు విడిచిపెట్టారో అడిగి తెలుసుకుంటాడు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సైకిలు వ్యవహారాల అధికారి రోజర్ గెల్లర్ 2006లో ప్రజలను నాలుగు వర్గాలుగా విభజించాడు. ఆసక్తి ఉండి కూడ భయపడేవారు సుమారు 60 శాతం ఉంటారని ఆయన అంచనా వేశాడు.

తరువాతి దశ రహదారులను పరీక్షించడం. వాహనాల వేగం, వరుసల సంఖ్య, కూడళ్ల స్వభావం ఆధారంగా ప్రతి వీధి కలిగించే ఒత్తిడిని నాలుగు స్థాయిలుగా గుర్తించే పద్ధతిని అమెరికా పరిశోధకులు 2012లో ప్రతిపాదించారు. ఈ పద్ధతిలో ఒక దారి విలువను అందులోని అతి ప్రమాదకరమైన భాగమే నిర్ణయిస్తుంది. మూడు కిలోమీటర్లు నిర్భయంగా సాగిన దారిలో చివరి కూడలి ఒక్కటి ప్రమాదకరమైనా, తల్లిదండ్రులు ఆడపిల్లను సైకిలుపై పంపడానికి సంశయిస్తారు. ఆ ఒక్క కూడలిని సరిదిద్దితే దారి మొత్తం ఉపయోగంలోకి వస్తుంది. అల్పవ్యయంతో అధిక ప్రయోజనం ఎక్కడ సిద్ధిస్తుందో పరిశోధన ఈ విధంగా తెలుపుతుంది.

బాట స్వరూపం కూడ వేగాన్ని బట్టి మారుతుంది. వాహన వేగం రెట్టింపయితే దాని గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. కనుక వేగం అధికంగా ఉన్నచోట సైకిలు బాటను వేరుచేయాలి. ఇరుకైన బజారు వీధిలో వాహనాల వేగాన్నే తగ్గించాలి. పాలమూరు ఎండలకు నీడ కూడ అవసరమే. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాటకు సౌరఫలకాలనే పైకప్పుగా అమర్చారు. అవి నీడతోపాటు విద్యుత్తును కూడ ఇస్తాయి. అయితే అట్టి బాట వ్యాయామానికి ఎంత అనుకూలమైనదైనా, చిన్న పట్టణాలకు ముఖ్యంగా కావలసినవి ఇంటినుండి కళాశాలకు, అంగడికి చేర్చే బాటలు.

ఈ విషయం విద్యతో ఎంతగా ముడిపడి ఉన్నదో బీహారు అనుభవం నిరూపించింది. అక్కడి ప్రభుత్వం 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లు అందజేసే పథకాన్ని ప్రారంభించింది. ఆర్థిక శాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ దానిని పరిశీలించి, తగిన వయస్సులో ఉన్నత పాఠశాలలో చేరే బాలికల సంఖ్య 32 శాతం పెరిగినట్లు 2017లో ప్రకటించారు. పాఠశాలకు దూరంగా ఉన్న గ్రామాలలో ఈ పెరుగుదల ముఖ్యంగా కనిపించింది. సైకిలు చేరువ చేసిన చదువును భద్రమైన బాట నిలబెడుతుంది.

కళాశాల ముందు నిలిపిన సైకిళ్లను ఎవరైనా లెక్కించవచ్చు. అక్కడికి రాలేకపోయిన సైకిళ్లను గుర్తించి, అవి రాకపోవడానికి గల కారణాన్ని తొలగించే మార్గం చూపడమే ఇట్టి పరిశోధనకు పరమార్థం.