కొత్త గుండె పెట్టాక మళ్ళీ పేస్‌మేకర్ ఎందుకు?

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. మొన్నామధ్య రాత్రి పదకొండింటికి నా బీటెక్ జూనియర్ ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నగారికి గుండె మార్పిడి జరిగి మూడు వారాలు దాటింది. "అన్నా, ఇప్పుడు పేస్‌మేకర్ పెట్టాలంటున్నారు. అంటే పెట్టిన గుండె కూడా పాడైనట్టేగా? అమ్మ సంతకం పెట్టనంటోంది" అన్నాడు. గొంతు వణుకుతోంది.

నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. "వద్దని చెప్పే ముందు, ఎందుకు పెడుతున్నారో పొద్దున్నే వాళ్ళనే అడుగు" అన్నాను. కానీ నాకు నిద్ర పట్టలేదు. కూర్చుని చదివాను, తెలిసిన కార్డియాలజిస్ట్‌ని కూడా విసిగించాను. నాకు అర్థమైంది చెప్తాను.

గుండెకి సొంత గడియారం ఉంటుంది. కుడివైపు పై గదిలో ఉండే ఎస్ఏ నోడ్. కరెంటు పుట్టేది అక్కడే. మెదడు నుంచి వచ్చే నరాలు దాన్ని అదుపు చేస్తాయంతే: ఒకటి బ్రేక్, ఒకటి యాక్సిలరేటర్. మార్పిడిలో రక్తనాళాల్ని కలిపి కుడతారు, నరాల్ని కలపరు. అంటే కొత్త గుండెకి బ్రేకూ లేదు, యాక్సిలరేటరూ లేదు. అందుకే ఊరికే కూర్చున్నా నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది. స్మార్ట్‌వాచ్‌లో ఆ నంబర్ చూసి కంగారు పడకండి. మెట్లెక్కితే వేగం వెంటనే పెరగదు, రక్తంలోకి అడ్రినలిన్ వచ్చి చేరాలి. కూర్చున్నాక వెంటనే తగ్గదు కూడా. గుండె నెమ్మదించినప్పుడు మామూలుగా ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షన్ ఈ గుండె మీద దాదాపు పని చేయదు. ఎందుకంటే ఆ మందు తీసేది బ్రేకుని, ఇక్కడ అసలు బ్రేకే లేదు కదా! ఎమర్జెన్సీకి వెళ్తే ముందు 'మార్పిడి గుండె' అని చెప్పాల్సింది అందుకే.

మరి 90 కొట్టాల్సిన గుండె 45 కొడుతుంటే? ఆ గడియారానికి దెబ్బ తగిలినట్టు. దాత ఒంట్లోంచి తీశాక గుండె కొన్ని గంటలు రక్తం లేకుండా ఉంటుంది. 2025 జనవరిలో హైదరాబాద్ మెట్రోలో ఎల్బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కి 13 నిమిషాల్లో గుండెని తెచ్చారు, గుర్తుందా? ఆ తొందర ఇందుకే. దానికి తోడు కుట్టే పద్ధతి. పాత పద్ధతిలో రోగి సొంత గుండె పై గదుల్లో కొంత భాగం ఉంచేసి, దానికి కొత్త గుండెని కుట్టేవారు. ఆ పాత ముక్క తన లెక్కలో తాను కొట్టుకుంటూనే ఉంటుంది, ఈసీజీలో రెండు గడియారాలు కనిపిస్తాయి! నాకైతే ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు ఎక్కువగా పెద్ద సిరల దగ్గరే కుడుతున్నారు. ఆ పద్ధతిలో నోడ్‌కి దెబ్బ తక్కువ, పేస్‌మేకర్ అవసరమూ తక్కువ.

ఆపరేషన్‌లోనే గుండె మీద తాత్కాలిక వైర్లు పెట్టి బయటి మెషిన్‌తో నడిపిస్తారు. చాలామందికి కొన్ని వారాల్లో నోడ్ కోలుకుంటుంది. అందుకే డాక్టర్లు తొందరపడకుండా ఆగుతారు. అప్పటికీ కోలుకోకపోతేనే శాశ్వత పేస్‌మేకర్. కాలర్ బోన్ కింద చర్మం లోపల చిన్న పెట్టె, అక్కడి నుంచి సిర గుండా గుండెలోకి వైరు. మళ్ళీ ఛాతీ కోయరు. గుండె కండరం బాగానే ఉంది, గడియారం ఒక్కటే బయటి నుంచి ఇస్తున్నారు.

అయితే ఒక తేడా గుర్తుంచుకోండి. నెలలు, ఏళ్ళు గడిచాక కొత్తగా లయ తప్పితే అది వేరే కథ. శరీరం గుండెని తిరస్కరిస్తోందేమో, రక్తనాళాలు మూసుకుంటున్నాయేమో వెంటనే చూడాలి. నరాలు లేవు కాబట్టి ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, కళ్ళు తిరగడం, కాళ్ళ వాపు, వీటికే ఆస్పత్రికి పరిగెత్తాలి.

మర్నాడు డాక్టర్ బొమ్మ గీసి చూపించారట. వాళ్ళమ్మగారు సంతకం పెట్టారు. పేస్‌మేకర్ పెట్టాక ఆవిడ మొదట అడిగింది, "ఈయన ఫోన్ మాట్లాడొచ్చా?" అని. మాట్లాడొచ్చు. కానీ ఫోన్ పేస్‌మేకర్‌కి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వెనకాల అయస్కాంతం ఉన్న ఫోన్లతో మరీ జాగ్రత్త. ఆయనకేమో ఫోన్ చొక్కా జేబులో పెట్టుకునే అలవాటు. ఇప్పుడు అన్ని చొక్కాల జేబులూ కుట్టేశారట ఆవిడ.