టైరు విప్పడం వాకిట్లోనే నేర్చుకోవాలి

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సారపాక దాకా పెద్ద రోడ్డు మీద బండి టైరు గురించి అంతగా బెంగపడే పని లేదు. గోదావరి వంతెన దాటి, భద్రాచలం వదిలి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగి, అక్కడ తారు రోడ్డు దిగి గూడేల బాట పట్టినప్పుడు లెక్క మారిపోతుంది. ఆ బాటల్లో సంతకు, మిర్చి చేనుకు, తునికాకు కల్లానికి, అర్ధరాత్రి ఆసుపత్రికి కూడా మోటారు సైకిలే దిక్కు. తుమ్మముల్లు, వెదురు పేడు, పత్తికట్టె కొట్టిన చేలో మిగిలిన మోడు, వీటిలో ఏది దిగినా బండి అక్కడే ఆగిపోతుంది. అందుకే ట్యూబు టైరు బండి నడిపేవాళ్లంతా టైరు విప్పి ఎక్కించడం నేర్చుకోవాలంటాను. అదీ అడవి దారిలో చీకటి పడ్డాక కాదు, ఇంటి వాకిట్లో, పగటిపూట, తీరిగ్గా. కూలి డబ్బులు మిగులుతాయన్నది చిన్న విషయం. షాపు దూరమైన చోట టైరు మార్చడం రేపటికీ ఎల్లుండికీ వాయిదా పడుతుంది, అసలు ప్రమాదం అదే. ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. గాడులు పూర్తిగా అరిగిన టైరు తొలకరి వానకు తడిసిన రోడ్డు మీద నీటిని పక్కకు నెట్టలేదు. బ్రేకు పట్టగానే జారుతుంది.

‘అది బలమున్న మెకానిక్కు పని, మనవల్ల ఎక్కడవుతుంది’ అనేవారున్నారు. నిజానికి బలం ఉపయోగిస్తేనే ఈ పని చెడుతుంది. టైరు అంచులో ఉక్కు తీగలుంటాయి, ఎంత లాగినా అవి సాగవు. మరి ఆ అంచు రిమ్ము దాటి బయటికెలా వస్తుంది? రిమ్మును దగ్గరగా చూడండి. మధ్యలో లోతైన గాడి ఉంటుంది, అక్కడ చుట్టుకొలత తక్కువ. గాలి పూర్తిగా తీసేసి, వాల్వుకు ఎదురుగా ఉన్న అంచును మోకాలితో ఆ గాడిలోకి దించితే, వాల్వు వైపు ఆ మేరకు వదులు దొరుకుతుంది. అక్కడ లివరు పెట్టి రెండేసి అంగుళాల చొప్పున లేపుతూ పోతే సబ్బునీళ్ల సాయంతో సులువుగా వస్తుంది. ఎక్కించేటప్పుడు వరుస తిరగబడాలి, చివరి అంచు వాల్వు దగ్గర ముగియాలి. లివరు మొరాయించిందంటే ఎదురు వైపు అంచు గాడిలోంచి పైకొచ్చిందన్నమాట. ఇంకాస్త బలం పెట్టకుండా మళ్లీ అక్కడ నొక్కాలి. ఈ సౌకర్యం మొదటి నుంచీ ఉన్నది కాదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ తెచ్చిన గాలి టైరును చక్రానికి అతికించేవారు, పంక్చరైతే గంటల పని. విప్పి ఎక్కించగల టైరును ఫ్రాన్స్‌లో మిష్లిన్ సోదరులు తెచ్చారు. 1891 పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిల్ పందెంలో ఆ టైర్లతోనే చార్లెస్ టెరాన్ గెలిచాడు. ఎవరి టైరును వారే విప్పుకోగలగాలన్నది ఆ తయారీ వెనకున్న ఆలోచనే.

తప్పు చేస్తే ప్రాణం మీదికొస్తుందనే అభ్యంతరం మాత్రం బరువైనదే. యాక్సిల్ నట్టు వదులైనా, చైను మరీ బిగిసినా, వెనక బ్రేకు సరిచూడకపోయినా ప్రమాదమే. దీనికి నా జవాబు ఒకటే. ఒకసారి తన చేత్తో విప్పి బిగించినవాడికి షాపులో బిగించిన చక్రాన్ని కూడా చూసుకోవడం వస్తుంది. టైరు పక్కనున్న బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా, అంచు గీత రిమ్ము చుట్టూ ఒకే ఎత్తులో కనిపిస్తోందా, వాల్వు నిటారుగా ఉందా అని అతని కన్ను తనంతట తానే వెతుకుతుంది. నాలుగంకెల గుర్తులో 3523 అని ఉంటే అది 2023లో 35వ వారం తయారీ అని చదువుకోగలడు, ఏళ్ల తరబడి మూలనపడిన సరుకును కొనడు. కొత్త ట్యూబు పెట్టే ముందు టైరు లోపలంతా గుడ్డతో తడిమి చూడటం మరిచిపోకూడదు. పాత ముల్లు అక్కడే ఉంటే కొత్త ట్యూబూ అదే చోట పోతుంది. ట్యూబులో కాస్త గాలి పెట్టి గుండ్రంగా నిలిపితేనే అది లివరు కింద నలగదు. స్క్రూడ్రైవరుతో లేపబోతే మాత్రం అది చిరగడం దాదాపు ఖాయం.

ట్యూబ్‌లెస్ వచ్చాక ఈ విద్య ఎందుకన్నది సగం నిజం. అల్లాయ్ చక్రాల బండికి మేకు దిగితే గాలి నెమ్మదిగానే పోతుంది. ఆ టైరును ఇంట్లో మార్చమని నేనూ చెప్పను, దాని అంచును రిమ్ముకు అతికించాలంటే కంప్రెసరు గాలి కావాలి. కానీ పుల్లల చక్రాలున్న ఎక్సెల్‌లూ పాత స్ప్లెండర్లూ ఇంకా మన దారుల్లో తిరుగుతూనే ఉన్నాయి, వాటికి ట్యూబు తప్పదు. పంక్చర్ షాపువాడి పొట్ట కొట్టినట్టవుతుందన్న మాటతోనూ ఏకీభవించలేను. అతను లేని చోటి గురించే కదా ఈ మాటంతా. ఈసారి టైరు మార్చాల్సి వచ్చినప్పుడు పాతదాన్ని వెంటనే పారేయకండి. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఆ పాత టైరునే రెండుసార్లు విప్పి ఎక్కించి చూశాక కొత్తది ముట్టుకోండి.